జుట్టు కాలిన వాసన

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వన్యప్రాణి విభాగం అధికారిణి డ్రిల్లింగ్ మిషన్‌తో మ్యూజియం రెండో అంతస్తుకి వచ్చింది. ఖడ్గమృగం కొమ్ముకి రంధ్రం చేయాలంది.

"రంధ్రమా?" అన్నాడు క్యూరేటర్.

"చిన్నదే సార్. లోపల చిప్ పెడతాం. ఇప్పుడు మ్యూజియంల నుంచి కూడా కొమ్ములు మాయమవుతున్నాయి. మూడు చోట్ల అద్దాల పెట్టెలో ఉన్నది ప్లాస్టిక్ అని తేలింది."

"మరి అక్కడి క్యూరేటర్లు?"

"జైల్లో ఉన్నారు."

క్యూరేటర్ అద్దాల పెట్టె వైపు చూశాడు. ఇక్కడి పెట్టెలో ఉన్నదీ ప్లాస్టిక్కే. పదకొండు రోజుల కిందట, మూసే వేళకి, అతనే మార్చాడు. నకలును పెట్టెలో పెట్టి, అసలు కొమ్మును సంచిలో వేసి, సంచిని తన బల్ల కింద దాచి కిటికీలు మూయడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పెద్దాయన గదిలో బల్ల తుడుస్తున్నాడు. సంచి ఉన్నచోటే ఉంది. ఆ సాయంత్రమే కొన్నవాళ్లు దాన్ని తీసుకుపోయారు.

పెద్దాయన మ్యూజియం అటెండరు. ఇరవై ఆరేళ్లుగా రోజూ ఆ పెట్టె తెరిచి కొమ్ము మీద దుమ్ము తుడుస్తున్నాడు. తాళంచెవులు రెండు: ఒకటి క్యూరేటర్ దగ్గర ఉంటుంది, రెండోది ఎప్పుడూ ఆయన మెడలోనే వేలాడుతుంటుంది.

"దీనికి పైనుంచి ఉత్తర్వు కావాలి కదా," అన్నాడు క్యూరేటర్.

"తెచ్చాను." ఆమె కాగితం చేతికిచ్చింది.

జేబులో ఫోన్ వణికింది. తెర మీద 'ఫర్నిచర్' అని ఉంది. భార్య కంట పడినా అనుమానం రాకుండా కొన్నవాళ్ల నంబరు ఆ పేరుతో దాచుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. స్టోర్ గదిలో ఇంకేమైనా ఉన్నాయా అని ఆ రోజే అడిగారు. దానికే అయ్యుంటుందనుకుని కట్ చేశాడు. వెంటనే భార్య ఫోన్ చేసింది. అతను వరండాలోకి వచ్చాడు.

"ఏమండీ, మీ ఫర్నిచర్ వాళ్లు ఇంటికొచ్చారు. నలుగురు."

"ఇంటికా?"

"ఊ. మంచం లేదు, బీరువా లేదు, చేతులూపుకుంటూ దిగారు. ఫర్నిచర్ వాళ్లేనా అంటే నవ్వి అవునన్నారు. ఒకడైతే ఇల్లంతా కలయజూశాడు, వాడే కొంటున్నట్టు. మీరెక్కడ అన్నారు, ఆఫీసులో అని చెప్పాను."

"సరేలే. పనిలో ఉన్నాను."

"కొత్తింట్లో కిందే పడుకోవాలా ఇంకా?"

అతను ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లాడు. పెద్దాయన పెట్టె తెరిచి కొమ్మును రెండు చేతులతో ఎత్తుతున్నాడు.

"జాగ్రత్త తాతా," అంది అధికారిణి. "బరువుంటుందేమో."

"దీని బరువు నా చేతికి తెలుసమ్మా. కళ్లు మూసుకున్నా పోల్చుకుంటాను."

క్యూరేటర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. నకలు చేసినవాడు బరువు కోసం లోపల సీసం పోశానన్నాడు. వెంట్రుకల పొడి కలిపాను, కాల్చినా కనిపెట్టలేరన్నాడు. అవన్నీ కోతలనుకున్నాడు అప్పుడు.

పెట్టె మీద 'అడవిలో మిగిలినవి' అన్న అక్షరాల పక్కన ఒక అంకె చీటీ అంటించి ఉంది. అధికారిణి దాన్ని చూసింది.

"నలభై ఒకటా? నలభైకి మార్చు తాతా. మొన్న ఒకటి పోయింది. కొమ్ము కోసేటప్పటికి దానికింకా ప్రాణం ఉంది."

పెద్దాయన కొమ్మును బల్ల మీద పెట్టాడు. "నేను చేరినప్పుడు మూడు వందల పైచిలుకమ్మా," అన్నాడు. "ఏటా ఈ చీటీ మార్చేది నేనే."

"పరీక్ష ఎలా చేస్తారు?" అన్నాడు క్యూరేటర్.

"ముక్కే సార్ పరీక్ష. అసలుదైతే జుట్టు కాలిన వాసన. నకలైతే ప్లాస్టిక్ కంపు."

ఆమె మిషన్ ఆన్ చేసింది. అతను కిటికీ దగ్గరికి జరిగి తలుపు ఎన్ని అడుగుల దూరంలో ఉందో చూసుకున్నాడు. మిషన్ రొద ఆగింది. గదిలో జుట్టు కాలిన వాసన వచ్చింది. ఆమె పొడిని వేలికి అద్దుకుని భూతద్దంలో చూసింది.

"అసలుదే."

అతను కుర్చీలో కూలబడ్డాడు. నకలు చేసినవాడు కోతలు కోయలేదు. ఆమె చిప్ దించి, రంధ్రం పూడ్చి, అతని సంతకం తీసుకుంది.

"బాగా కాపాడుకున్నారు సార్," అంది వెళ్తూ.

అతనికి నవ్వొచ్చింది. ఈ పరీక్షకే దొరకని నకలు ఇక దేనికీ దొరకదు. స్టోర్ గదిలో ఏనుగు దంతం ఒకటి ఊరికే పడి ఉంది. దానికీ ఒక నకలు చేయిస్తే సరిపోతుంది.

ఆమెను కిందిదాకా సాగనంపి పెద్దాయన తిరిగి పైకొచ్చాడు.

"మీకోసం నలుగురు వచ్చారు సార్. ఫర్నిచర్ వాళ్లమన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు."

"పైకి రమ్మను."

"వస్తున్నారు. ఒకాయన వెనకాల తలుపు గడియ వేశాడు."

"ఎందుకట?"

పెద్దాయన పెట్టె దగ్గరికి వెళ్లాడు. పాత చీటీ గోటితో గీకి, 'నలభై' అని రాసిన కొత్త చీటీ అంటించాడు. పెట్టెకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఆ రోజు మీ సంచిలో నకలు పెట్టింది నేనే సార్."