బైబిల్లో చీటీ

"అమ్మా, ఒక్క నిమిషం. సంతకం పెట్టే ముందు ఈ చీటీ చూసుకోండి."

దీవెన చేతిలో పెన్ను ఆగింది.

ఉయ్యూరులోని ఆ చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన అప్పుడే అయింది. వరండాలో బల్ల వేసుకుని ఫిలిప్ ఆన్‌లైన్ డిగ్రీ ఫారాలు నింపిస్తున్నాడు.

చీటీ ఇచ్చిన ముసలాయన్ని ఆమె మునుపెన్నడూ చూడలేదు. తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి.

"ఏంటండీ ఇది?"

"యూజీసీ వాళ్ళ వెబ్‌సైటు పేరమ్మా. ఆన్‌లైన్ డిగ్రీ ఇవ్వడానికి ఎవరెవరికి అనుమతి ఉందో అందులో జాబితా ఉంటది. మీరు చేరే యూనివర్సిటీ అందులో ఉందో లేదో చూసి అప్పుడు చేరండి. రెండు నిమిషాల పని."

దీవెనకు చిర్రెత్తుకొచ్చింది.

విజయవాడలో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో పదేళ్ళుగా కూర్చుంటోంది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ని చేస్తామన్నారు. ఇంటరుతో ఆగిపోయిన చదువు ఇన్నాళ్ళకు చేతికందబోతుంటే మధ్యలో ఈయనెవరు?

పైగా ఫిలిప్ అరగంట క్రితమే మైకు ముందు సాక్ష్యం చెప్పాడు. ఇదే యూనివర్సిటీలో చదివాననీ, దేవుడు మంచి ఉద్యోగమిచ్చాడనీ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ అన్నాక ఇంక వెబ్‌సైటు చూసేదెవరు?

"సాక్ష్యం చెప్పినోళ్ళనే అనుమానిస్తారా?"

"అనుమానం కాదమ్మా. చూసుకోమంటున్నా."

"మీరు వేరే కాలేజీ ఏజెంటా?"

"కాదమ్మా."

"మరి మీరెవరండీ అసలు? ఇవన్నీ మీకెలా తెలుసు?"

ఆయన చూపు ఫిలిప్ వైపు పోయింది.

"ఫిలిప్ గారూ! ఈయనేదో అంటున్నారు చూడండి!" అందరికీ వినపడేలా అంది దీవెన.

ఫిలిప్ ఆయన వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఎంత వినయమో అనుకుంది దీవెన.

సంఘపెద్ద లాజరుగారు వచ్చి ముసలాయన భుజం పట్టుకుని గేటు దాకా నడిపించారు.

"ప్రార్థనకొస్తే ప్రార్థన చేసుకుని పోవాలండీ."

గేటు దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు.

"రెండు నిమిషాలేనమ్మా!"

ఎవరో నవ్వారు. దీవెనా నవ్వింది. చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ బైబిల్లో దూర్చడం ఆమెకు అలవాటు. చీటీనీ అలాగే దూర్చి, సంతకం పెట్టేసింది.

మూడేళ్ళు చదివింది. బస్సులో ఫోన్ చెవికి పెట్టుకుని పాఠాలు విన్నది. పిల్లలకు అన్నం పెడుతూ పరీక్షలకు చదివింది.

పట్టా వచ్చిన వారం చర్చిలో తనూ సాక్ష్యం చెప్పింది. అది విని పక్కింటి డయానా అదే కోర్సులో చేరింది.

పది రోజులకు ఆస్పత్రి ఆఫీసువాళ్ళు పిలిచారు.

"ఈ డిగ్రీ చెల్లదమ్మా. ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి వీళ్ళకు అనుమతే లేదు."

సూపర్‌వైజర్ కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం దీవెన బైబిల్లోంచి చీటీ తీసింది. ఫోన్లో జాబితా తెరిచి చూసింది. పేరు లేదు. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది.

తన సంగతి సరే, డయానాకు ఏమని చెప్పాలి? దుఃఖం ఆగలేదు.

మర్నాడు తన దగ్గరున్న ఫారం నకలు వెనక ఫిలిప్ రాసిచ్చిన అడ్రసు పట్టుకుని మంగళగిరి వెళ్ళింది. ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"ఫిలిప్ లేడమ్మా. నేను వాళ్ళమ్మని, సంపూర్ణమ్మని. వాడు ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. డిగ్రీ గురించేనా?"

దీవెన తలూపింది. చేతిలో కాగితాల మధ్య నుంచి చీటీ జారి గడప మీద పడింది.

సంపూర్ణమ్మ వంగి తీసుకుంది. ఆ రాత చూసి అలాగే నిలబడిపోయింది.

"ఇది మీకెవరిచ్చారమ్మా?"

"మా చర్చికొచ్చిన ఒక పెద్దాయనండీ. నేను వినలేదు. నలుగురిలో అవమానించాను కూడా. కనపడితే కాళ్ళ మీద పడాలనుంది. ఎవరో ఏమో, పేరు కూడా అడగలేదు."

సంపూర్ణమ్మ చీటీని కళ్ళకద్దుకుంది.

"పోయిన వేసవిలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. కొడుకు ఏ ఊళ్ళో సాక్ష్యం చెబుతున్నాడంటే ఆ ఊరికి వాడి వెనకే బస్సెక్కేవారు మావారు, కన్నబిడ్డ మోసగాడని నోటితో చెప్పలేక ఈ చీటీలు రాసుకుని."