ఎలుగుబంటి కీ

"దొంగ! పట్టుకోండి!"

వేలం హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది.

అరిచింది పళ్ళ డాక్టరమ్మ. అప్పుడే మూడు బొమ్మల వేలంపాట ఆమె పేరున ఖాయమైంది. డప్పు వాయించే రేకు ఎలుగుబంటి, సైకిలెక్కిన జోకరు, తోక ఊపే బాతు. కీ ఇస్తే ఆడే పాతకాలపు బొమ్మలు.

విరిగిన కుర్చీల వెనక వాటిని చూసిన క్షణం నుంచి ఆమె కాలు నేల మీద నిలవలేదు. అవెంత అరుదైనవో ఆ హాల్లో తనకొక్కదానికే తెలుసనుకుంది. ఆ సంబరంలో ఇంకెవరి మాటా చెవిన పడలేదు.

ఇప్పుడు బల్ల దగ్గర ఒక పెద్దావిడ, ఎలుగుబంటి వీపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"ఆ చెయ్యి తెరవండి," అంది డాక్టరమ్మ.

తెరిచింది. అరచేతిలో చిన్న ఇత్తడి కీ.

"చూశారా! నా బొమ్మ కీ లాగేసింది."

"లేదమ్మా. మీకిద్దామనే..."

"దొరికిన ప్రతి దొంగా ఆ మాటే అంటాడు. సంచీలో ఇంకేం దాచారో తీయండి."

"పోనిద్దూ," అన్నాడు పక్కనే ఉన్న ఆమె భర్త, గొంతు తగ్గించి. "అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి! కీ లేకపోతే ఇది ఉత్తి రేకుముక్క. మీకేం తెలుసు?"

పెద్దావిడ తనే సంచీని బల్ల మీద బోర్లించింది. కళ్ళజోడు, మాత్రల పొట్లం, మడతపెట్టిన మెత్తని గుడ్డ. అంతే.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ ఒక్కొక్కటీ ఏరి సంచీలో వేసుకుంది. కీని మాత్రం ఎలుగుబంటి పక్కన పెట్టింది.

"మెల్లగా తిప్పండమ్మా. దానికీ వయసైంది."

వాచ్‌మన్ ఆవిడను బయటి దాకా తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ కీ చేత పట్టుకుని కౌంటర్ దగ్గర అంతెత్తున లేచింది.

"ఇదేనా మీ కాపలా? కీ పోయుంటే ఎవరిది పూచీ?"

బొమ్మలను సర్దుతున్న గుమాస్తా తలెత్తాడు.

"ఏ కీ అండీ?"

"ఎలుగుబంటిది!"

"దానికి కీ లేదు కదండీ. మా దగ్గరికి వచ్చినప్పుడే లేదు. పాట మొదలెట్టే ముందు చెప్పాం, మీరు వినలేదా?"

డాక్టరమ్మ చేతిలోని కీని చూసింది. ఎలుగుబంటి వీపులో పెట్టి తిప్పింది. అచ్చంగా కుదిరింది. బొమ్మ టపటపా డప్పు వాయించింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

గబగబా గుమ్మంలోకి వచ్చింది. బయట సన్నగా తుంపర. బస్టాపు ఖాళీగా ఉంది.

"ఆ పెద్దావిడేరీ?"

"బస్సెక్కేశారు మేడమ్."

"నన్ను తిట్టుకున్నారా?" తిట్టుంటే బాగుండునన్నట్టు అడిగింది.

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడమ్. 'కీ కోసం అంతగా గొంతు చించుకుందంటే వాటిని ప్రాణంలా చూసుకుంటుంది, మా నాన్న చేసిన బొమ్మలు మంచి చేతుల్లోనే పడ్డాయి' అని కళ్ళు తుడుచుకుని వెళ్ళారు."