బోరు పైపు రింగులు

"నీళ్లియ్యని బోరు పైపు నిన్ను ఆకాశానికి మోస్తాదా?" సుబ్బలక్ష్మమ్మ మూతి తిప్పింది.

తిరుమణి ఊళ్లోని తమ పొలం సోలారు కరెంటోళ్లకిచ్చినప్పటి నుంచి, శెనక్కాయలు పోసే రాతిగదిలో ఆమె మొగుడు నల్లప్ప విమానం కడుతున్నాడు. ఇప్పుడు ఎండిన బోరు ప్లాస్టిక్ పైపును రింగులుగా కోసి, ఒక పక్క చీల్చి, అతికించిన చెక్కలకు తొడుగుతున్నాడు.

"మోసేదానికి కాదే. జిగురు ఆరేదాకా బిగించి పట్టుకునేదానికి."

"సీట్లెన్ని?"

"ఒకటే."

"ఓహో! నన్నిడిసి పోయేదానికా ఈ సంబడం!"

పోయొస్తామని చెప్పి ఆమెను విడిచి పోయిన అయినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. విసురుగా వాకిలి వైపు తిరిగింది. అప్పుడు కంటబడింది. విమానం చట్రం వాకిలి కన్నా జానెడు ఎక్కువ వెడల్పు. రాతిగోడ పడగొడితే తప్ప బయటికి రాదు. ఆ సంగతి అతనికింకా తట్టలేదు.

ఎగతాళి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇట్లియ్యి ఆ రంపం. రింగులు ఇంగా కావల్ల కదా!" అంటూ అతని పక్కనే చతికిలబడింది.