సెగ మాస్టారు

"చెయ్యి పెట్టి చెప్పు నాన్నా. ఈ రెండు హీటర్లలో ఏది కొందాం?"

స్టాండుకు బిగించిన హీటర్లను చూపిస్తూ కూతురు మామూలుగానే అడిగింది. సెగ మాస్టారి గుండెల్లో మాత్రం రాయి పడింది.

ప్లాస్టిక్ షీటును ఇన్‌ఫ్రారెడ్ హీటర్ల కింద మెత్తబరచి, అచ్చు మీద పరిచి, అడుగు నుంచి గాలి లాగేసి ట్రేలు తయారుచేసే చిన్న షెడ్డు వాళ్లది. సెగ తగ్గితే షీటు అచ్చులోకి దిగదు, మించితే బుడగలొస్తాయి. హీటరు కింద అరచెయ్యి చాపి ఏ సెగ సరిపోతుందో ఇట్టే చెప్పేస్తాడనే ఆయనకా పేరు. షెడ్డు నడిపేది కూతురే అయినా, మెషీను దగ్గర ఆయన మాటే వేదం.

ఆ అరచెయ్యి కొన్నాళ్లుగా మొద్దుబారిపోయింది. వేడి తెలియదు, చలీ తెలియదు. సంగతి బయటపడితే మెషీను ఛాయలకు కూడా రానివ్వరు. ఇంట్లో కుర్చీ వేసి, టీవీ పెట్టి కూర్చోబెడతారు.

"షీటు పెట్టి చూస్తే పోలా?" అన్నాడు నసుగుతూ.

"నీ చెయ్యుండగా షీటెందుకు దండగ? అవునూ, ఆ బొబ్బేంటి?"

చెయ్యి తిప్పి చూసుకున్నాడు. చిటికెనవేలి కింద ఇంత బొబ్బ! ఎప్పుడు కాలిందో ఆయనకే తెలీదు.

"ఏదో తగిలిందిలే. నువ్వు స్విచ్చి వెయ్యి, వెయ్యి" అంటూ కంగారుగా చెయ్యి చాపాడు.

మొదట క్వార్ట్జ్ హీటరు. స్విచ్చి వెయ్యగానే గొట్టాలు ఎర్రగా వెలిగాయి. బతికానురా దేవుడా అనుకున్నాడు. చెయ్యి చెప్పకపోతేనేం, కళ్లున్నాయిగా!

"భేష్! నడిమధ్య బాగుంది. అంచుల్లో సెగ కాస్త పలచన, అంతే. సర్దుకోవచ్చు."

దాన్ని ఆపేసి కూతురు రెండోది చూపించింది. తెల్లటి పెంకులా ఉంది.

"ఇది సెరామిక్. ఎంత కాగినా ఎర్రబడదట, చూడ్డానికి ఇలాగే ఉంటుందట. కరెంటు కూడా తక్కువే లాగుతుంది. నాకైతే దీని మీదే మనసుంది."

ఆయన ఆ తెల్ల పెంకును ఎగాదిగా చూశాడు. ఇది షెడ్డులోకి వచ్చిందంటే తన పని అయిపోయినట్టే.

కూతురు స్టాండు వెనక్కి వెళ్లింది. స్విచ్చి టక్కుమంది. కాగడానికి టైం పడుతుందంటూ కాసేపు ఆగమంది. పక్కనున్న క్వార్ట్జ్ హీటరు వేడి ఇంకా ఆయన మొహానికి కొడుతూనే ఉంది.

"ఇక పెట్టు నాన్నా."

పెట్టాడు. చెయ్యి ఉలకలేదు, పలకలేదు. పైనున్న పెంకూ అంతే. కూతురు ఆయన మొహంలోకే చూస్తోంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే దొరికిపోతాడు.

"అబ్బా!" అంటూ చటుక్కున చెయ్యి లాగేసుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదుకున్నాడు. "అమ్మో, ఇదేం హీటరే తల్లీ, చురుక్కుమంది! షీటు నిలువునా మాడిపోతుంది. నా మాట విని మొదటిదే కొను."

కూతురు ముందుకొచ్చి, ఆ బొబ్బకు తగలకుండా ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా వెనక దాచుకున్న రెండో చెయ్యి ఆయన ముందు చాపి గుప్పిట విప్పింది.

"దీని ప్లగ్గు ఇంకా పెట్టనేలేదు నాన్నా."