సీలు విప్పిన మధ్యాహ్నం

“విప్పండి,” అన్నాడు తనిఖీ అధికారి.

“విప్పను,” అన్నాడు మేస్త్రి.

పందెం ముగిసి పావుగంట కూడా కాలేదు. గెలిచిన కారును షెడ్డు మధ్యకు తెచ్చి, ముందు మూత ఎత్తి నిలబెట్టారు. ఇంజిన్ మీద కూర్చున్న సూపర్‌చార్జర్ ఇంకా సెగలు కక్కుతోంది. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కి, దాని సత్తువను ఒకటికి ఒకటిన్నర చేసే యంత్రమది. అరిగిపోయిన దాన్ని తెచ్చి, ముక్కముక్కా విడదీసి, మళ్ళీ ప్రాణం పోసి సీలు వేసినవాడు మేస్త్రి. అతను గాలి దూరే నోటిని నిబంధన దాటి వెడల్పు చేశాడనీ, అది హద్దుమీరి వేగంగా తిరిగేలా పుల్లీ మరీ చిన్నది బిగించాడనీ ఎవరో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు.

“ఫిర్యాదు వస్తే అందరి ముందూ విప్పాలి. అది రూలు,” అన్నాడు అధికారి. “మొరాయిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. గెలుపు రద్దవుతుంది. ఇకమీదట మీరు ముట్టుకున్న బండిని ఈ ట్రాక్ మీదికి రానివ్వరు.”

కారు నడిపిన అమ్మాయి హెల్మెట్ చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చింది. “బాబాయ్, నాకొక్కదానికే చెప్పు. ఏమైనా చేశావా?”

“నువ్వు కూడానా అమ్మా?”

“మూడేళ్ళ నుంచి అందరి వెనకా దుమ్ము తింటున్నాను బాబాయ్. ఇవాళొక్కరోజే గెలిచాను. అడగొద్దా?”

గీసిన గీత దాకా మేస్త్రి ఆకురాయి నడిపాడు, నిజమే. గీత దాటలేదని అతని వేళ్ళకు తెలుసు. కానీ వేళ్ళు సాక్ష్యం చెబుతాయా? పైగా అతను తలుపు వేసుకుని పనిచేసే మనిషి. నలుగురిలో తన పనిని విప్పి చూపడమంటే నడివీధిలో చొక్కా విప్పినంత సిగ్గు.

ఎదురుగా, రెండో స్థానంలో వచ్చిన బండి తాలూకు మీసాల మెకానిక్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఫిర్యాదు ఎవరిదో ఇంకా వేరే చెప్పాలా!

“విప్పండి మరి, మొహమాటమెందుకు?” అంది పక్కనే ఉన్న మేస్త్రి భార్య.

“నువ్వు ఊరుకోవే! ఇక్కడ పరువు పోతోంది.”

“పోయేది ఎలాగూ పోతుంది. ముందు స్పానర్ తీయండి.”

మేస్త్రి అధికారి వైపు తిరిగాడు. “చల్లారనివ్వండి. వేడి మీద లోహం ఉబ్బుతుంది. కొలత అబద్ధం చెబుతుంది.”

అది న్యాయమే అనిపించి అధికారి అరగంట గడువిచ్చాడు. ఆ అరగంటలో సంగతి ట్రాక్ అంతా పాకింది. అన్ని జట్ల మెకానిక్‌లూ పనులు వదిలేసి వచ్చి షెడ్డు నింపేశారు.

మేస్త్రి సీలు తెంపాడు. బెల్టు జారింది, పుల్లీ ఊడింది, ముందు పలక వచ్చింది. దాని వెంటే, రెండు జడలు ఒకదాన్నొకటి అల్లుకున్నట్టున్న, గాలిని నెట్టే రోటర్ల జంట మెత్తగా బయటికి జారింది. అతను ఒకదాన్ని వేలితో నెట్టాడు. రెండూ కలిసి తిరిగాయి. ఎక్కడా రాపిడి లేదు, చిన్న చప్పుడైనా లేదు.

షెడ్డులో వెనక ఉన్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచారు.

అధికారి వెంట్రుకంత పలచని రేకును రోటర్ల సందులో దూర్చి చూశాడు. పది చోట్ల చూశాడు. పది చోట్లా ఒకటే బిగువు. పదకొండోసారి చూడవలసిన పని లేకపోయినా చూశాడు.

“వెనకవాళ్ళకి కనబడట్లేదు, కాస్త వంగండి నాయనా!” అని మేస్త్రి భార్య ముందువరుసను గదమాయించింది.

మీసాల మెకానిక్ చేతులు గుడ్డతో తుడుచుకుని ముందుకు వచ్చాడు. టార్చి వేసి, గాలి నోటిలోకి తొంగిచూశాడు. లోపలి గోడ మీద ఆకురాయి తిరిగిన జాడే లేదు. నీళ్ళు నున్నగా చేసిన గులకరాయిలా ఉంది.

“అన్నా, మిషన్ మీద తీశావా?”

“చేత్తో.”

“ఈ వంపు కూడానా?”

“అదే నాలుగు రోజులు తినేసింది.”

“మా దాంట్లో సగం గాలి సందుల్లోంచి వెనక్కే పారిపోతుంది. దీంట్లో దానికి పారిపోయే దారేది?” అని అతను టార్చి ఆర్పడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. “ఓడిపోయామని ఇందాకటి దాకా ఏడుపొచ్చింది. ఇప్పుడు లేదన్నా.”

పుల్లీ కొలత సరిపోయింది. ఇక గాలి నోరు మిగిలింది. అధికారి పెట్టెలోంచి ఉక్కు అచ్చు తీశాడు. నోరు హద్దు దాటి ఉంటే అచ్చు లోపలికి దిగిపోతుంది. కారు నడిపిన అమ్మాయి కళ్ళు మూసుకుంది. మేస్త్రి తన బూట్లకేసి చూస్తూ నిలుచున్నాడు.

అచ్చు అంచు మీద ఆగింది. అధికారి బొటనవేలితో అదిమాడు. దిగలేదు.

“అన్నీ హద్దులోనే ఉన్నాయి. గెలుపు గెలుపే!”

చప్పట్లతో షెడ్డు రేకులు అదిరాయి. అమ్మాయి మేస్త్రి మెడను వాటేసుకుంది. వాళ్ళూ వీళ్ళూ వచ్చి అతని చేతులు పట్టుకున్నారు. మీసాల మెకానిక్ మాత్రం రోటర్ల ముందునుంచి కదలలేదు. ఫిర్యాదు అతనిది కాకపోతే ఇంకెవరిది? మేస్త్రి గొంతు పెంచాడు.

“ఇంతమందిలో నన్ను దొంగను చేసినవాడెవడు? ఇప్పుడైనా పేరు చెప్పండి సార్.”

అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ ఇబ్బందిగా మేస్త్రి భార్య వైపు చూశాడు.

“సంతకం నాదేనండీ,” అంది ఆవిడ. “ఇలా విప్పించకపోతే మీ పనితనం నలుగురూ ఎప్పటికి చూస్తారు?”