ఆగని ఫ్యాను

"లైను తీసెయ్!"

కరెంటు ఆఫీసరు కిటికీలోంచి కేక వేయగానే, బయట లైన్‌మన్ స్విచ్ దించేశాడు. ప్రభుత్వ గ్రంథాలయం హాల్లో ట్యూబులైట్లు ఆరిపోయాయి. కానీ బీరువా పక్కనున్న స్టాండు ఫ్యాను మాత్రం జోరుగా తిరుగుతూనే ఉంది.

డాబా మీద కొత్తగా సోలార్ పలకలు బిగించి, ఆఫీసరు పరీక్షకు నిలబడ్డ ఇంజినీరమ్మ ఉలిక్కిపడింది.

పేపరు చదువుకుంటున్న ముసలాయన చప్పట్లు కొట్టాడు. "భేష్! లైను పోయినా మన ఫ్యాను ఆగలేదు!"

లైబ్రేరియనమ్మ కూడా మురిసిపోతూ చప్పట్లు కలిపింది.

"అయ్యో, ఆగాలి తాతగారూ!" అంది ఇంజినీరమ్మ. "లైను ఆపిన క్షణంలో డాబా మీది సోలార్ కరెంటూ ఆగాలి. లేకపోతే అది లైన్లోకి ఎదురెక్కి, రిపేరుకని స్తంభమెక్కినవాణ్ణి పొట్టన పెట్టుకుంటుంది."

లైబ్రేరియనమ్మ చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి.

"పరీక్ష తప్పింది," అన్నాడు ఆఫీసరు ఫైలు మూస్తూ. "మీ సోలార్ కనెక్షను వంతు వేరే ఆఫీసుకు ఇచ్చేస్తా. మళ్లీ వచ్చే ఏడాది చూద్దాం."

"ఒక్క నిమిషం సార్!"

ఇంజినీరమ్మ వరండాలోకి పరుగెత్తింది. గోడకు బిగించిన సోలార్ పెట్టె మీద చుక్కంత దీపమైనా వెలగడం లేదు. టెస్టరు పెట్టి చూసింది. కరెంటు జాడే లేదు.

"సార్, రండి! పెట్టె చచ్చినట్టు ఆగింది!"

ఆఫీసరు వచ్చి తన టెస్టరుతోనూ చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "మరి ఆ ఫ్యాను ఏ గాలికి తిరుగుతోందమ్మా?"

ఇద్దరూ మళ్లీ హాల్లోకి ఉరికారు. ఇంజినీరమ్మ ఫ్యాను వైరు పట్టుకుని బీరువా వెనక్కి పాకింది. పాత పేపర్ల కట్టలు ఒక్కొక్కటే బయటికి వచ్చిపడ్డాయి. ఆ వెనక నుంచి దుమ్ము కొట్టుకున్న ముఖం తొంగిచూసింది.

"దొరికింది సార్! ఇళ్లల్లో వాడే ఇన్వర్టరు, బ్యాటరీ! ఫ్యాను దీనికి తగిలించి ఉంది!"

వైరు పీకింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి, నిలిచిపోయాయి.

"ఆగింది! ఆగిపోయింది!" చిన్నపిల్లలా గెంతింది ఇంజినీరమ్మ. ఏమీ అర్థం కాకపోయినా ముసలాయన మళ్లీ చప్పట్లు కొట్టాడు.

ఆఫీసరు నవ్వుతూ ఫైలు మీద సంతకం గీకాడు. "పాస్! రేపే మీ సోలార్‌ని లైనుకు కలిపేద్దాం. ఇంతకీ మన కొంప ముంచబోయిన ఆ మహానుభావుడెవరు?"

లైబ్రేరియనమ్మ తల వంచుకుని రెండడుగులు ముందుకు వేసింది.

"నేనేనండీ. నిన్న ఈ పిల్ల ఒక్కతే లైను తీసి పరీక్షించుకుంటుంటే ఫ్యాను టక్కున ఆగిపోయింది. పాపం, మీ ముందు పరువు పోతుందేమోనని మా ఇంట్లో ఇన్వర్టరు మోసుకొచ్చి పెట్టాను!"