కొయ్యని ఆకు

బొగ్గుల్ని పెరట్లోనే ఎర్రగా కాల్చి, పొగంతా పోయాక, హనుమక్క కుంపటిని పట్టుపురుగుల షెడ్డులోకి మోసుకెళ్ళింది. గోడకున్న థర్మామీటరు పదహారు చూపిస్తోంది.

"ఇంగా సలేస్తాందా అమ్మా?"

తట్టల వెనక గోనెపట్టా మీద ముడుచుకుని కూర్చున్న సౌమ్య తల ఊపింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. పుంగనూరు వైపు డిసెంబరు చలి, పైన రేకుల కప్పు. పాపం, కట్టుబట్టలతో వచ్చేసిన పిల్ల, స్వెట్టరైనా తెచ్చుకోలేదు.

ఆదివారం ఆమె పెళ్ళి, సొంత మేనమామ మునిరాజుతో. సోమవారం బెంగళూరులో నర్సు ఉద్యోగంలో చేరాలి. పెళ్ళయితే ఉద్యోగం లేదని మునిరాజు ముందే తేల్చేశాడు. తండ్రి పాపన్న బావమరిదికి ఎప్పుడో మాట ఇచ్చేశాడు. మాట తప్పని మనిషని ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు కాస్తా కూతురి మెడకు చుట్టుకుంది.

చనిపోయిన సౌమ్య తల్లీ, హనుమక్కా ఒకే తట్ట ముందు కూర్చుని ఆకు తరిగినవాళ్ళు. ఆ పిల్ల వచ్చి కాళ్ళు పట్టుకుంటే పొమ్మని ఎలా అంటుంది? ఆదివారం ముహూర్తం దాటేదాకా దాస్తే చాలనుకుంది. పలమనేరు నుంచి పురుగులు తెచ్చి పంట పెట్టానని ఊళ్ళో చెప్పింది. తట్టల్లో ఒక్క పురుగూ లేదు.

"ముహూర్తం దాటినా ఏం లాభం అత్తా? నా సర్టిఫికెట్లన్నీ బీరువాలో ఉండాయి. తాళంచెవి నాయన మొలతాడుకే కట్టుకోనుంటాడు" అంది సౌమ్య.

బయట మోటారు సైకిలు ఆగింది. హనుమక్క గబగబా బయటికొచ్చి, తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడింది. మునిరాజు దిగాడు. వెనకే పాపన్న.

"ఇల్లు నిన్ననే ఎతికినాం. ఇంగ షెడ్డు తలుపు తియ్యి" అన్నాడు మునిరాజు.

"యాల తియ్యాల? పురుగులు జ్వరంలో ఉండాయి. నోట్లో ఆ గుట్కా పెట్టుకోని నువ్వు లోపలికొస్తే నా పంటేం గావాలప్పా?"

పురుగులు పొర విడిచే రోజును ఇక్కడ జ్వరం అంటారు. ఆ రోజు అవి మేత ముట్టవు, కదలవు. చల్లగాలి తగిలినా, పొగాకు వాసన సోకినా పంట పోతుంది. కొత్తల్లుడైనా సరే, గడప బయటే నిలబడాలి.

మునిరాజు మదనపల్లె టమోటా మండీలో పెరిగినవాడు. అతనికి ఇవేం పట్టవు. "తప్పుకో" అంటూ ముందుకొచ్చాడు.

"బావా, నువ్వైనా సెప్పు ఈమెకి!"

పాపన్న ముప్పై ఏళ్ళు పురుగులు పెంచిన మనిషి. ఆయన చూపు షెడ్డు పక్కనున్న మల్బరీ తోట మీద ఆగింది. అక్కడే నిలిచిపోయింది.

హనుమక్క కూడా అటు చూసింది. మూడు రోజులుగా పంట ఉందంటోంది, తోటలో ఒక్క కొమ్మా కొయ్యలేదు! పురుగులకు నిన్నటిదాకా మేతేం వేసినట్టు? కుంపటి పెట్టింది, తలుపు కాసింది, ఆకు సంగతే మరిచింది. ఛీ, తన బుద్ధి మండిపోను!

పాపన్న చూపు తిప్పుకున్నాడు. "జ్వరంలో ఉంటే తలుపు తియ్యకూడదు. పద" అన్నాడు.

మునిరాజుకు ఒళ్ళు మండింది. "కూతురు పోయిన దిగుల్లో నీకేం కనపడదులే బావా! రేపు తెల్లారి గంగులప్ప పెదనాయన్ని పిల్సుకొస్తా. ఆయనా పురుగులు పెంచినోడే. పంట ఉండాదో లేదో బయట నిల్సుకోనే సెప్పేస్తాడు."

పోతూ పోతూ పాపన్న వెనక్కి తిరిగాడు.

"లోపల ఏడి ఎంతుండాది?"

"పదారు... పదేడు ఉంటాదన్నా."

"సాలదు" అన్నాడు కటువుగా. బండి వెళ్ళిపోయింది.

"నాయన తోట సూసినాడా?" ఆకు కొయ్యని సంగతి విని అడిగింది సౌమ్య లోపల.

"సూసినాడమ్మా."

"ఐతే అయిపాయ. మునిరాజు మామకు సెప్పేస్తాడు. నాయన మాట తప్పడు." మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పటికప్పుడే ఆకు కోద్దామంటే వీలు లేదు. టీ బంకు దగ్గర మునిరాజు మనుషులిద్దరు కూర్చుని ఇటే చూస్తున్నారు. కొడవలి పట్టుకుంటే పట్టుబడినట్టే. తెల్లారకముందే లేచి మూడు సాళ్ళు కోసెయ్యాలనుకుంది. ఉన్న బొగ్గులన్నీ కుంపటిలో వేసింది. తన దుప్పటి సౌమ్యకు కప్పి, ఎవరికీ అనుమానం రాకుండా తను ఇంట్లోకి వెళ్ళి పడుకుంది. ఇద్దరికీ నిద్ర లేదు.

తెలతెలవారుతుండగా కొడవలి తీసుకుని హనుమక్క పెరటి తలుపు తీసింది. మంచు కమ్ముకుని నాలుగడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. తడుముకుంటూ తోటలోకి నడిచి, ఆగిపోయింది.

మూడు సాళ్ళు కోసేసి ఉన్నాయి. ఎవరో మొదళ్ళ దాకా కోసి, కింద ఒక్క ఆకు రాలకుండా ఎత్తేశారు. చేయి తిరిగినవాళ్ళ కోత.

ఎవరు వచ్చారు? లోపల పిల్ల ఉందా? షెడ్డు దగ్గరికి పరుగెత్తింది. తలుపు వేసినట్టే ఉంది. వెనక గోడ పక్కన బొగ్గుల మూట ఒకటి, దాని మీద ఆకు మోపు ఒకటి కనిపించాయి.

హనుమక్క మోపు కట్టు విప్పింది.

ఆకు మధ్యలో సౌమ్య నీలం స్వెట్టరు, దాని మడతల్లో సర్టిఫికెట్ల ఫైలు, ఆ ఫైలు మీద మొలతాడు నుంచి తెంపిన దారంతో సహా బీరువా తాళంచెవి ఉన్నాయి.